నూకాలు వరహా

ఊఁ కొడుతూ వినాలి మరి. నీ ఊఁ ఆగిందంటే నా కథా ఆగిపోతుంది.

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే మరీ పెద్ద ఊరేం కాదులే, వారానికోసారి పశువుల సంత జరిగే ఊళ్ళో, నూకాలు అని ఒక మంత్రసాని ఉండేది. మంత్రసాని అంటే పురుళ్ళు పోసే మనిషి. ఊళ్ళో సగంమంది ఆవిడ చేతుల్లోకే పుట్టారు. ఇంతమందిని దక్కించిన చేతులు సొంత కూతురి దగ్గరికొచ్చేసరికి ఏమీ చెయ్యలేకపోయాయి. కూతురు పోయింది, పాపాయి మిగిలింది.

పాపకి తల్లిపాలు లేవు. నూకాలు గంజితేట పట్టేది. గంజితో పసిపిల్ల ఎన్నాళ్ళు నిలుస్తుంది? రోజురోజుకీ చిక్కి పుల్లైపోతోంది. పాడిగేదె ఒకటి వాకిట్లోకి వస్తే పిల్ల బతుకుతుంది, రాకపోతే లేదు. నూకాలుకి లేచినా కూర్చున్నా అదే దిగులు.

అప్పుడు కోటలో రాణిగారికి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగిందని నూకాలుని పిలిపించారు. ఆవిడ వెళ్ళి తల్లినీ బిడ్డనీ ఇద్దర్నీ గట్టెక్కించింది. రాణిగారు తన పెట్టె తీసి, ఒక బంగారు వరహా ఆవిడ చేతిలో పెట్టింది. వరహా అంటే మాటలా? దాంతో గేదె వస్తుంది, దూడ వస్తుంది, మేతకీ మిగుల్తుంది. నూకాలు దాన్ని కొంగున ముడేసుకుని నేరుగా సంతకి నడిచింది.

సంతలో ఎర్రన్న అని గేదెల బేరగాడు. నూకాలు ఈమధ్యే ఈనిన గేదెని ఎంచుకుని వరహా చూపించింది. ఎర్రన్న వరహాకేసి చూడలేదు, ఆవిడ చీరకున్న అతుకులకేసి చూశాడు. నీ కొంగులో వరహా ఏమిటి, ముందు షరాబు దగ్గర చూపించుకురా అన్నాడు.

షరాబు అంటే నాణేలు మంచివో చెడ్డవో చెప్పే ఆయన. ఆయన వరహాని బండమీద పడేసి విన్నాడు, ఖంగుమంది. గీటురాయి మీద బరబరా గీశాడు, పచ్చటి గీత పడింది. మేలిమి బంగారం, సందేహం లేదన్నాడు. రాతికి అంటుకున్న పొడిని మైనం ముద్దతో అద్దుకుని, ఇది నా కూలి అన్నాడు.

అయినా ఎర్రన్న ఒప్పుకోలేదు. పైన పూత వేసినా గీత పచ్చగానే పడుతుంది, లోపలేముందో కోయించుకురా అన్నాడు. అప్పుడు కంసాలి ఉలి పెట్టి అంచు తరిగాడు. లోపలా బంగారమే. ఆ తునక ఆయన కూలికింద పోయింది.

ఆ తర్వాత ఎర్రన్న, నిప్పులో పడితే గాని నిజం తేలదు, ఊరిపెద్ద ఎదురుగా కాల్పించుకురా అన్నాడు. ఊరిపెద్ద కుంపట్లో వేయించి కాల్పించాడు, సుత్తితో సాగగొట్టించాడు. నల్లబడలేదు, పగల్లేదు. బంగారమేనమ్మా, తీసుకుపో అన్నాడు. కానీ దానిమీదున్న బొమ్మ చెరిగిపోయింది.

ఈసారి ఎర్రన్న త్రాసు తీశాడు. ఒక పళ్ళెంలో తూకానికి గురివింద గింజలు, ఒక పళ్ళెంలో వరహా. వరహా తేలిపోయింది.

"బంగారమే గాని వరహా కాదు. బొమ్మా లేదు, తూకమూ లేదు. దీనికి గేదె రాదు, మేకైతే వస్తుందేమో చూసుకో."

చూశావా తల్లీ! మంచిదని తేల్చడానికి వాళ్ళే అరగదీశారు, అరిగిపోయాక వాళ్ళే చెల్లదన్నారు. ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు కడుపు మండిపోతుంది.

అంతలో ఊరి భూములన్నీ చేతిలో ఉన్న కామందు జగ్గప్ప బండి దిగాడు. అదే గేదెని వేలుపెట్టి చూపించి, ఎర్రన్న ముందున్న ఇత్తడి పళ్ళెంలోకి ఒక వరహా విసిరాడు. బొమ్మ నిగనిగలాడుతోంది. పడ్డ చప్పుడు మాత్రం టప్పుమంది. తన వరహా ఎలా మోగిందో నూకాలు చెవిలో ఇంకా ఉంది. ఊరుకోలేకపోయింది.

"నాది గీశారు, కోశారు, కాల్చారు. ఆయనది ఒక్కసారి రాతిమీద పెట్టి చూడండయ్యా."

ఎర్రన్న నాలిక్కరుచుకున్నాడు. దొరగారి సొమ్ము గీసి చూస్తే కళ్ళు పోతాయన్నాడు. వంగి దండం పెట్టి, గేదె పలుపు జగ్గప్ప పాలేరు చేతికిచ్చాడు.

సరే, మేకైనా పాలిస్తుంది కదా అనుకుంది నూకాలు. ఆవేళ సంతలో పాడిమేక దొరకలేదు. పై సంతదాకా పాపకి గంజే పట్టింది.

ఈలోగా ఎర్రన్న కొత్త గేదెలకోసం పొరుగూరు వెళ్ళాడు. అక్కడివాళ్ళకి జగ్గప్ప ఎవరో తెలియదు గదా, ఆయనిచ్చిన వరహాని మామూలుగా గీసి, అంచు కోసి చూశారు. లోపల ఎర్రటి రాగి. ఎర్రన్న లబోదిబోమంటూ జగ్గప్ప అరుగు దగ్గరికి పరిగెత్తాడు. జగ్గప్ప తాంబూలం నములుతూనే ఉన్నాడు.

"నా వరహాలు గీటురాయి ఎరగవురా. ఆవేళ సంతలో అనుమానమొచ్చిన వరహా ఎవరిది? పోయి దాన్ని అడుగు."

నిజం ఎర్రన్నకి తెలుసు. తెలిసి ఏం లాభం? దొరని నిలదీసే దమ్ము లేదు, నష్టం ఓర్చుకునే గుండె లేదు. పై సంతలో నూకాలు మేకని బేరమాడుతుంటే చెయ్యి పట్టుకున్నాడు. నా పళ్ళెంలోంచి దొరగారి వరహా కాజేసి రాగిది పెట్టింది, అసలుదాని బొమ్మ చెరిపేసింది, అదిగో కొంగున ఉంది అని అరిచాడు.

నూకాలు ముగ్గురు పెద్దమనుషుల్నీ పిలిచింది. గీసినమాట నిజమే, తర్వాత మార్చిందేమో నాకేం తెలుసన్నాడు షరాబు. కంసాలి తల దించుకున్నాడు. ఊరిపెద్ద గొంతు సవరించుకున్నాడు.

"నిప్పు లేనిదే పొగ రాదు. మంచి నాణెమే అయితే మూడుసార్లు ఎందుకు చూస్తారమ్మా?"

అంతే. కొంగు ముడి విప్పించి ఆ ముక్క కూడా లాక్కుని ఎర్రన్నకిచ్చేశారు. నూకాలు ఉత్త చేతుల్తో ఇంటికొచ్చి పొయ్యిమీద గంజి పెట్టింది.

పాపాయి ఆ వానాకాలం దాటలేదు.

ఊఁ కొట్టడం మానేశావేం? ఏడుస్తున్నావా? ఏడువు, తప్పులేదు. నూకాలు మాత్రం పురుళ్ళు పోయడం మానలేదు. పుట్టేవాళ్ళేం చేశారు పాపం! జగ్గప్ప మనవడు కూడా ఆ చేతుల్లోకే పుట్టాడు, గేదెపాలు తాగి పెరిగాడు.

ఒక్కటి గుర్తుపెట్టుకో తల్లీ. రేపు నీ బంగారం గీసి చూస్తామని ఎవరైనా అంటే, ముందు మీది పెట్టండి రాతిమీద అని అడుగు. పెడతారా? పెట్టరు. అయినా అడుగు.

గీసిన బంగారం నిందకి,
గీయని రాగి దండానికి,
గేదె పాలు మేడకి,
గంజి తేట పాపకి,
కథేమో కంచికి,
కన్నేమో నిద్దరకి,
మనమేమో మనింటికి.