తొమ్మిది రోజుల చూపు

వరహాలు మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా వాదనకు దిగితే ఆయన వెంటనే ఒప్పేసుకుంటారు. ఒప్పేసుకున్నాక ఒక కథ చెబుతారు. అది విన్నాక గెలిచినవాడికి తాను గెలిచినట్టు అనిపించదు. భీమిలిలో ముప్పయ్యేళ్ళు పిల్లలకు డ్రాయింగు నేర్పి రిటైరైన మనిషి. ఇప్పుడు సాయంత్రాలు మా నలుగురికీ ఉపనిషత్తులు చెబుతున్నారు.

మాలో ప్లీడరు ఆదిశేషయ్య ఒకడు. ఏడాదిగా వస్తున్నాడు. నేర్చుకోవడానికి కాదు, మాస్టారిని ఎక్కడో ఒకచోట పట్టుకోవడానికే వస్తున్నాడని నా నమ్మకం. ఆయన చెప్పిన ప్రతి శ్లోకాన్నీ ఇంటికెళ్ళి పుస్తకంలో సరిచూసుకునేవాడు. పాలవాణ్ణి ఆపి మాస్టారింటి సంగతులు ఆరా తీసేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

“గురువుగారూ, మనిషిని అన్ని విధాలా పరీక్షించకుండా నమ్మడం తెలివితక్కువ కాదా?”

“ముమ్మాటికీ తెలివితక్కువే బాబూ,” అన్నారు మాస్టారు. నాకు భయమేసింది. అంత తేలిగ్గా ఒప్పుకున్నారంటే కథ వస్తోందన్నమాట.

పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో ఎజ్రా హోలిస్టర్ అనే చిత్రకారుడు ఉండేవాడట. దుకాణాల బోర్డులు రాస్తూ మొదలుపెట్టి, చెయ్యి తిరిగాక మనుషుల పటాలు వెయ్యడంలో పడ్డాడు. అప్పటికింకా ఆ ప్రాంతాలకు ఫొటోలు రాలేదు. గుర్రబ్బండి కట్టుకుని ఊరూరా తిరిగేవాడు. చలికాలంలో మంచుకు దారులు మూసుకుపోతే ఇంట్లో కూర్చుని ఒట్టి ఒళ్ళు వేసి పెట్టుకునేవాడు. నల్ల పట్టుగౌను, లేసు కాలరు, ఒళ్ళో చేతులు, ముఖం ఉండాల్సిన చోట ఖాళీ. ఎండలొచ్చాక ఊళ్ళ మీద పడి, ఎవరు అడిగితే వాళ్ళ ముఖం ఆ ఖాళీలో పెట్టేవాడు. పని త్వరగా తెమిలేది.

వెర్మాంట్ కొండల్లో ఒకాయన తన భార్య లిడియా పటం వెయ్యమని అతణ్ణి పిలిపించాడు. ఆమెకు క్షయ. వచ్చే చలికాలం దాటనని ఆమెకూ తెలుసు. నాలుగేళ్ళ కూతురు మెర్సీకి రేపు అమ్మ ముఖం తెలియాలంటే ఈ పటం ఒక్కటే దిక్కు. అలాంటిది బండిలో తలల్లేని ఆడవాళ్ళు వరసగా కనిపించేసరికి లిడియాకు ఒళ్ళు మండిపోయింది.

“ఎవరి ఒంటికో నా తల అతికించి, ఇదే మీ అమ్మ అని నా బిడ్డకు చూపిస్తావా? ఖాళీ గుడ్డ తెచ్చి నా ఎదుటే మొదలుపెట్టు. నీ కంటికి కనిపించనిది నా ముఖంలో ఒక్క గీత కూడా వెయ్యనని బైబిలు మీద ప్రమాణం చెయ్యి.”

చేశాడు. తొమ్మిది రోజులు ఆమె కుర్చీలో కూర్చుంది. దగ్గు తెర వచ్చినప్పుడు తప్ప అతని మీంచి చూపు తిప్పలేదు. పాత ముఖాల్లోంచి ఓ నవ్వు తెచ్చి ఎక్కడ తనకు అంటగడతాడోనని ఆమె బెంగ. మెర్సీ వచ్చి మోకాళ్ళు పట్టుకుని ఊపినా తల దించలేదు. తొమ్మిదో రోజున పటాన్ని వెలుగులోకి తిప్పించి నిదానంగా చూసి, “మోసం లేదు,” అంది. ఎంతో తృప్తిగా అంది పాపం. హోలిస్టర్‌కే దాన్ని చూడబుద్ధి కాలేదు. కళ్ళ దగ్గర రెండు గీతలు మారిస్తే సరిపోయేది. కానీ ఒట్టేశాడు. బండి కట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ చలికాలంలోనే ఆమె పోయింది.

పదిహేనేళ్ళు గడిచాయి. ఊరూరా ఫొటో దుకాణాలు వెలిసి హోలిస్టర్‌ను అడిగే నాథుడు లేకుండా పోయాడు. మళ్ళీ బోర్డులు రాసుకుంటూ ఆ ఊరొచ్చి, మనసు ఊరుకోక ఆ ఇంటి తలుపు తట్టాడు. మెర్సీ తీసింది. లోపల పటం గోడవైపు తిప్పి ఉంది. దాన్ని వేసింది తనేనని చెప్పి, ఎందుకలా తిప్పారని అడిగాడు.

“చిన్నప్పుడు రోజూ దాని ముందు నిలబడి క్షమించమని అడిగేదాన్ని,” అంది ఆ అమ్మాయి. “నేనేం తప్పు చేశానో ఇప్పటికీ తెలీదు.”

ముసలివాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. “ఆ చూపు నీ మీద కాదు తల్లీ, నా మీద. నేను మోసగాణ్ణేమోనని మీ అమ్మకు అనుమానం.”

మెర్సీ అతణ్ణి ఎగాదిగా చూసింది. ఏం ఆశించి వచ్చి ఇలా చెబుతున్నాడో అనుకుంది. ఆ కళ్ళు హోలిస్టర్‌కు తెలుసు. తొమ్మిది రోజులు కూర్చుని వేసినవే.

మాస్టారు అక్కడ ఆపేశారు. ఈ సంగతంతా ఈయనకెలా తెలిసిందని నాకూ అనుమానం వచ్చింది గాని, అడిగే ధైర్యం లేకపోయింది. ఆదిశేషయ్యకు ఉంది.

“దీనికి ఆధారమేమిటి గురువుగారూ?”

“ఏమీ లేదు బాబూ. నన్ను ఎన్నాళ్ళు పరీక్షించినా నాకొచ్చే నష్టం లేదు,” అన్నారు మాస్టారు. కాసేపు అతని ముఖంలోకి చూసి మెల్లిగా అడిగారు.

“నీకో కూతురుంది కదూ? ఎన్నేళ్ళిప్పుడు?”