ఎవరిదో ఉయ్యాల

సభలో ఏం మాట్లాడాలో తెలియక కాదు, మరీ ఎక్కువ తెలిసిపోయి వజీర్‌కు కొన్నాళ్ళుగా అన్నం సహించడం లేదు.

కడుపు తీయించుకోవడం ఇక నేరం కాదని, కొన్ని షరతుల మీద డాక్టరు చేత ఆసుపత్రిలో చేయించుకోవచ్చని ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చిన రోజులవి. అంతకుముందు ఆ మాట ఆడవాళ్ళు పెరటి గోడల దగ్గర గొంతు తగ్గించి అనుకునేవాళ్ళు. చట్టం వచ్చాక మగవాళ్ళు టీకొట్ల దగ్గర గొంతు పెంచి అనుకోవడం మొదలుపెట్టారు.

కొండ కింద ఊళ్ళో ఆ గొంతులకు పెద్దలు ఇద్దరు. ప్లీడరు నరసింగరావు, మిషన్ బడి మాష్టారు జ్ఞానప్రకాశం. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. మనిషి చంద్రుడి మీద దిగాడా లేదా అని అంతకుముందు ఏడాదంతా వాదించుకుని, అది చప్పబడిపోయాక దీన్ని అందుకున్నారు. ఒకరు లేనిదే ఇంకొకరికి ఇడ్లీ దిగదు.

"చట్టమే ఒప్పుకున్నాక నడుమ నీకేం నొప్పయ్యా?" అనేవాడు ప్లీడరు.

"చట్టం ఒప్పుకుంటే దేవుడు ఒప్పుకున్నట్టా? కడుపులో ఉన్నది ప్రాణమా కాదా, ముందు అది చెప్పు."

"తల్లిది ప్రాణమా కాదా, నువ్వు చెప్పు. ఇంటినిండా పిల్లల్ని పెట్టుకుని మాట్లాడతావు."

"వాళ్ళందరికీ నేను అన్నం పెడుతున్నాను. నీ కక్షిదారుల్లాగా వాయిదాలు ఇచ్చి తిప్పడం లేదు."

ఈ వాదన చివరికి గ్రంథాలయంలో సభ దాకా వచ్చింది. కొండ మీది దర్గాకు జనం బిడ్డల కోసమే వస్తారు గనక అక్కడి నుంచి కూడా ఒకరు మాట్లాడాలన్నారు. ఆ దర్గా చూసుకునే పీరాన్ తాత కొండ దిగి ఎన్నో ఏళ్ళయింది, మోకాళ్ళు సహకరించవు. దిగగలిగినా సభలో మాట్లాడే మనిషి కాదు. అందుకని ఆయన శిష్యుడు వజీర్‌ను పిలిచారు.

వజీర్ అనంతపురంలో బి.ఏ. చదివాడు. లా కాలేజీలో చేరి, మనసు నిలవక మధ్యలో వదిలేసి, పీరాన్ తాత దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. తాత అతనికి ఏ మంత్రమూ చెప్పలేదు, ఉయ్యాలలు అప్పగించాడు.

ఆ దర్గాలో గోరీ చుట్టూ ఇనుప చువ్వల కటాంజనం ఉంది. బిడ్డలు లేని ఆడవాళ్ళు తమ చీర అంచు చించి, జానెడు ఉయ్యాల చేసి, ఆ చువ్వలకు కట్టి మొక్కుకుంటారు. హిందువులూ, ముసల్మానులూ, అందరూ కడతారు. బిడ్డ పుట్టాక వచ్చి, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, ఎవరి ఉయ్యాల వాళ్ళు విప్పుకుంటారు. కట్టిన చేయి తప్ప మరో చేయి ఆ ముడి విప్పకూడదు. గాలికి తెగి పడినా సరే, చువ్వ కిందే ఉంచాలి. ఈ కట్టడి తప్పకుండా చూడటమే వజీర్ పని. అందులో అతను చాలా గట్టివాడు. ఒకసారి ఎవరో పెద్ద ఆఫీసరు భార్య, ఉయ్యాల బాగుందని చేత్తో పట్టుకుంటే అందరి ముందూ మందలించాడు.

సభ రోజు పొద్దున తాత మోకాళ్ళకు నూనె రాసుకుంటుంటే వజీర్ పక్కన కూర్చున్నాడు.

"తాతా, ఈ సంగతిలో ఏది సరైనది? మన దర్గా మాటగా నేను ఏం చెప్పాలి?"

"సభ ఎప్పుడు?"

"సాయంత్రం. నాలుగింటికి జీపు పంపిస్తామన్నారు."

"అయితే అన్నం తిని పో," అని తాత రెండో మోకాలికి నూనె రాసుకున్నాడు.

గురువు తన మాట పట్టించుకోలేదని వజీర్‌కు కొంచెం కష్టం కలిగింది. ముసలితనం వల్ల ఇలాంటి కొత్త సంగతులు తాత బుర్రకు ఎక్కడం లేదేమో అని కూడా అనుకున్నాడు. శిష్యులు అప్పుడప్పుడూ అలా అనుకుంటారు. గురువులకూ అది తెలుస్తుంది.

మధ్యాహ్నం నమాజు అయ్యాక ఒక మనిషి మెట్లు ఎక్కి వచ్చింది. వచ్చింది అనడం కంటే, నాలుగు మెట్లకు ఒకసారి కూర్చుంటూ చేరుకుంది అనాలి. పేరు కుళ్ళాయమ్మ. నాపరాళ్ళ గనుల పక్క పల్లె. చిన్న వయసే గానీ పెదవులు నేరేడుపండు తిన్నట్టు నల్లబడి ఉన్నాయి. మంచినీళ్ళు తాగాక కూడా మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"పోయిన ఉరుసుకు ఉయ్యాల కట్టినా తాతా. సామి దయ జూసినాడు. మూడో నెల."

తాత తల ఊపాడు. ఆమె ముఖంలో సంతోషం లేదని గమనించాడు.

"చిన్నప్పుడు కీళ్ళజొరం వచ్చి గుండె చెడిపోయినాదంట. నాకు తెల్దు. ఆస్పత్రి డాక్టరమ్మ చెప్పింది. బిడ్డను మోస్తే నేను మిగిలేది కష్టమంట. అట్ల మోసి బతికినోళ్ళు కూడా ఉండారంట. తీయించుకునేదుంటే ఆలస్యం చేయద్దు, రేపు రా అనింది."

"ఇంట్లో వాళ్ళు ఏమంటున్నారమ్మా?" వజీర్ అడిగాడు.

"మా అత్త, సామి ఇచ్చిన బిడ్డను సామే కాపాడతాడు, ఉయ్యాల కట్టి మళ్ళా నువ్వే తీయించుకుంటే ఉసురు తగులుతాది అంటాది. మా అమ్మ తీయించుకోమంటాది. నాకుండేది నువ్వొక్కదానివే అని ఏడుస్తాది."

"మీ ఆయన?"

"నీ ఇష్టం అనేసి గనికి పోయినాడు."

ఆ మాట అంటూ ఆమె కొద్దిగా నవ్వింది. ఆ నవ్వు చూడటం కష్టంగా ఉంది.

"ఉయ్యాల ఆడ ఉండంగా తీయించుకుంటే సామికి ద్రోహం చేసినట్టా? ముందు విప్పల్లా? లేకుంటే దాన్ని అట్లే ఉండనిచ్చి, నేను బతికితే బతికి, పోతే పోవల్లా? మీరు ఎట్ల చెప్తే అట్ల చేస్తా."

తాత కళ్ళు మూసుకున్నాడు. అది చెప్పమని సైగ అనుకున్నాడు వజీర్. సాయంత్రం కోసం కూడబెట్టిందంతా ఉన్నది గదా. మొదట చట్టం చెప్పాడు. తరువాత ఆత్మ కడుపులోకి ఎప్పుడు వస్తుందనే దాని మీద మతపండితులైన ఉలేమాల మాటలు చెప్పాడు. మొదటి నాళ్ళలో తప్పు లేదన్నవాళ్ళవి, మొదటి రోజు నుంచీ తప్పేనన్నవాళ్ళవి, తల్లి చెట్టుకు వేరు, బిడ్డ కొమ్మ, ముందు వేరును కాపాడుకోవాలన్నవాళ్ళవి. శాస్త్రాల్లో భ్రూణహత్యకు చెప్పిన పాపం చెప్పాడు. మిషన్ వాళ్ళ మాటా వదల్లేదు. గొంతు బాగా పలుకుతోందని అతనికే అనిపించింది.

ఆమె గడప మీద కూర్చుని ఒక్కో మాటకూ తల ఊపుతూ విన్నది.

"అయితే విప్పచ్చంటావాన్నా?"

"విప్పవచ్చు అని కాదమ్మా."

"విప్పకూడదా?"

"విప్పకూడదనీ కాదు. దానికి రెండు వైపులా..."

"వజీరూ," అన్నాడు తాత కళ్ళు తెరవకుండానే. "ఆ బిడ్డ ఉయ్యాల ఎక్కడుందో చూడు."

వజీర్ లేచాడు. పోయిన ఉరుసు అతనికి బాగా గుర్తుంది, ఈ మనిషి ముఖం కూడా లీలగా గుర్తొచ్చింది. దక్షిణం వైపు మూల, పచ్చ అంచు గుడ్డ. కానీ ఒక ఎండాకాలం గడిచేసరికి పచ్చా లేదు, ఎరుపూ లేదు, అన్నీ ఒకే బూడిద రంగు. వెతికి వెతికి ఒకటి ఇదేనని తేల్చుకున్నాడు. అక్కడి నుంచి చూస్తే ఆమె ఇంకా రొప్పుతూనే ఉంది. ఇంత దూరం మళ్ళీ నడిపించడం ఎందుకు, పాపం, అనుకున్నాడు. విప్పవలసి వస్తే చేతిలోనే ఉంటుంది, లేకపోతే తిరిగి కట్టేస్తుంది. ముడి బిగుసుకుపోయి ఉంటే పంటితో లాగి విప్పాడు. జాగ్రత్తగా రెండు చేతుల్లో పెట్టుకుని తెచ్చాడు.

"ఇదే కదమ్మా."

కుళ్ళాయమ్మ చూసింది. అతని ముఖం చూసింది. చెప్పడానికి ఆమెకే సంకోచం కలిగినట్టుంది.

"ఇది నాది కాదన్నా."

తాత కళ్ళు తెరిచి చేయి చాపాడు. వజీర్ ఆ చేతిలో ఉయ్యాల పెట్టాడు. గుడ్డ మడత తీస్తే లోపల పసుపు రాసిన చిన్న గులకరాయి. ఎవరో దాన్ని పడుకోబెట్టి, చలి వేస్తుందన్నట్టు మెడ దాకా గుడ్డపేలిక కప్పారు.

"ఎవరిది?" అన్నాడు తాత.

"తెలియదు తాతా."

"రేపు ఆమె వచ్చి అడిగితే?"

తాత ముఖంలో కోపం లేదు. చాలా అలసిపోయినవాడిలా ఉన్నాడు.

"నీది నీకు కనబడుతుందా బిడ్డా?" అని కుళ్ళాయమ్మను అడిగాడు.

"కనబడతాది తాతా."

ఆమె చువ్వలు పట్టుకుని మెల్లగా నడిచింది. వెతకలేదు. ఉత్తరం మూల మలుపు దగ్గర, వజీర్ అసలు చూడని చోట ఆగింది.

తాత గోడ పట్టుకుని లేచి, కటాంజనానికి వీపు పెట్టి మళ్ళీ కూర్చున్నాడు. వజీర్ చొక్కా పట్టుకుని పక్కకు లాక్కున్నాడు.

"అటు తిరుగు."

ఇద్దరూ లోయ వైపు చూస్తూ కూర్చున్నారు. కింద గనుల తెల్లదుమ్ము లేస్తోంది. వెనక నుంచి గాజుల చప్పుడు ఒకసారి వినిపించి ఆగింది.

"తాతా," వజీర్ గొంతు తగ్గించాడు. "ఏమీ చెప్పకుండా వదిలేస్తే ఆమె తప్పు చేస్తుందేమో."

"చేయొచ్చు."

"మీరు ఒక్క మాట చెబితే..."

"చెప్పిన రోజులున్నాయి నాయనా. ఉంచుకో అని చెప్పి పంపినవాళ్ళలో కొందరు మళ్ళీ ఈ కొండ ఎక్కలేదు. వద్దులే అని చెప్పి పంపినవాళ్ళలో కొందరు ఏటా ఎక్కుతారు. ఇదిగో, ఇక్కడే కూర్చుని ఏడ్చి పోతారు. అందరికీ నేను నీలాగే, అంతా తెలిసినట్టే చెప్పాను."

వెనక మళ్ళీ గాజులు కదిలాయి. వజీర్ మెడ నరాలు అటు తిరగమని లాగుతున్నాయి. తాత చేయి అతని మోకాలి మీద ఉంది, బరువేమీ లేని చేయి. అతను తిరగలేదు.

కుళ్ళాయమ్మ ముందుకొచ్చి నిలబడింది. ముఖం కడుక్కున్నట్టుంది. ఒక చేయి కొంగు చాటున ఉంది. తాత ఆమె తల మీద చేయి పెట్టి పెదవుల్లోనే ఏదో చదివాడు. ఏం చేశావని అడగలేదు.

కింద జీపు హారన్ మోగింది.

"ఆమెను దింపు వజీరూ. తొందర చేయకు," అన్నాడు తాత.

ఆమె సంచీ తను తీసుకుని, ఆమె ఆగిన చోటల్లా ఆగుతూ వజీర్ దిగాడు.

జీపులో ముందు నరసింగరావు, వెనక సభకు అద్దె తెచ్చిన కుర్చీల మధ్య జ్ఞానప్రకాశం ఇరుక్కుని కూర్చుని వాదించుకుంటున్నారు. ఒక్క మనిషికి చోటుంది.

"సార్, ఈమెను బస్టాండు దగ్గర దింపండి."

"మరి నువ్వు?" అన్నాడు ప్లీడరు.

"చోటు లేదు కదా సార్."

"మాష్టారును కుర్చీల మీదికి ఎక్కిస్తాం, రావయ్యా. ఆయన మాట ఎట్లాగూ పైనుంచి ఊడిపడినట్టే ఉంటుంది."

"లేదు సార్. నేను సభకు రాలేను. మీరు కానివ్వండి."

మాష్టారు అప్పటికే జరిగి చోటిచ్చాడు. "కూర్చో తల్లీ. ఎందుకంత ఆయాసం?" అన్నాడు. ఆమె ముఖం చూసి ప్లీడరు అందుకోబోయిన జవాబు మింగేశాడు. "గుంటలున్నాయి, మెల్లగా పోనీ," అని డ్రైవరుతో చెప్పి, "ఏ బస్సుకు పోవాలమ్మా?" అని వెనక్కి తిరిగాడు.

ఆమె చెప్పింది. వజీర్ అప్పటికే మెట్ల వైపు తిరిగాడు.

పైకి వచ్చేసరికి తాత ఉన్నచోటనే కటాంజనానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఆ ఎవరిదో ఉయ్యాల ఉంది. వజీర్ దాన్ని తీసుకుని దక్షిణం మూలకు వెళ్ళాడు. ఉత్తరం మలుపు వైపు చూడలేదు. గులకరాయిని సర్ది, మెడ దాకా గుడ్డ కప్పి, అదే చువ్వకు కట్టాడు. ముడి తన ముడిలా పడింది. విప్పి మళ్ళీ కట్టాడు. అంతకుముందు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోతే పంటి కింద గుడ్డ రుచి తప్ప ఏదీ గుర్తు రాలేదు. మళ్ళీ విప్పాడు.

పొద్దు వాలేదాకా అదే పని.

"తాతా," అన్నాడు చివరికి. "ముందున్నట్టు రావడం లేదు."

"రాదు," అన్నాడు తాత, అటు తిరగకుండానే.