గేదెను తోసిన నక్క

పిల్లలూ, మీరు పెరుగుతున్న చోట గేదెలు లేవు కాబట్టి ముందే చెబుతున్నాను: గేదె నిజంగానే ఈదుతుంది. ఈ కథలో అదొక్కటే నిజం. ఇన్నాళ్లూ మీకు ఈ కథ చెప్పనేలేదని గుర్తొచ్చి కంగారుపడ్డాను. అందుకే ఇప్పుడు చెబుతున్నాను.

గోదావరి మధ్యలో ఒక లంక, అంటే చిన్న దీవి ఉండేది. ఆ ఏడు ఎండలకి ఒడ్డున గడ్డంతా మాడిపోయింది. లంకలో మాత్రం మోకాలెత్తు పచ్చగడ్డి, దాని పక్కనే పుచ్చపాదులు. ఎగువ రేవు నుంచి లంక దాకా రెండు కోసులు, అంటే ఓ ఆరు కిలోమీటర్లు, ఈదినవాళ్లదే లంక అని జంతువులు తీర్మానించాయి.

మొదట గేదె ముందుకొచ్చింది. మేత లేక పాలు ఇంకిపోయి, దాని దూడ నిలబడలేకపోతోంది. తర్వాత నక్క వచ్చింది.

"నీకు ఈతొచ్చా మరిదీ?" అంది గేదె.

"చూస్తావుగా వదినా. రేపట్నుంచి లంకలో గడ్డిపరక కొరకాలన్నా నన్నే అడగాలి."

తీర్పు చెప్పేది కొంగ. మహా నిక్కచ్చి. "ఎవరూ ఎవరి వీపూ ఎక్కకూడదు!" అని గేదె వీపు మీద నిలబడి చాటింది.

"మరి మీరెక్కారు కదండీ?" అంది గేదె.

"నేను ఎక్కలేదమ్మా. తనిఖీలో ఉన్నాను."

తనిఖీ అంతా ముందువైపే. వెనక నక్క గేదె తోకను వాటేసుకుని, హాయిగా కళ్లు మూసుకుంది. మధ్యాహ్నానికి గేదె రొప్పుతూ లంక చేరింది. తోక వదిలేసి నక్క అంది, "అబ్బ, నడుం పడిపోయిందండీ! ఇంత బరువుని రెండు కోసులు తోసుకొచ్చాను."

కొంగ తీవ్రంగా ఆలోచించింది. "బండిని తోసినవాడు గొప్పా, బండి గొప్పా? లంక నక్కదే."

గేదె గడ్డి వైపు ఒకసారి చూసింది. "సరేనండీ. కానీ నాకు ఈత రాదని తేలిందిగా, ఇంటికెలా పోను? దూడ ఎదురుచూస్తోంది. తెచ్చినవాళ్లే దింపి రావాలి కదా?"

"న్యాయమే!" అని కొంగ మళ్లీ వీపెక్కింది. తోక ఉందిలే అనుకుని నక్క నీళ్లలో దిగింది.

లంకకీ ఒడ్డుకీ మధ్యకి రాగానే గేదె కాళ్లాడించడం మానేసి, ముక్కు పైకి పెట్టి తేలింది. గేదెలకి అంతకంటే సుఖం లేదు.

"ఆగామేం?" అంది కొంగ.

"తోసేవాళ్లని అడగండి."

నక్క తోసింది. గేదె కదల్లేదు. తలతో, భుజంతో తోసింది. నాలుగు గుక్కల నీళ్లు మింగింది.

"ఏం మరిదీ, నడుం ఇంకా కుదుటపడలేదా?"

"నేను తోయలేదు తల్లీ! తోక పట్టుకు వేలాడానంతే! పద, నీకు దణ్ణం పెడతా!"

కొంగ అప్పుడు మొదటిసారి వెనక్కి తిరిగి చూసింది. "ఓహో, ఇటువైపు కూడా ఉందన్నమాట," అంది. లంక గేదెదైంది. గేదె వెనుదిరిగి లంకలో కడుపునిండా మేసి, ఒడ్డుకి పోయి దూడకి పాలిచ్చింది. రానూపోనూ నక్క తోకకే వేలాడింది, తోశానని మాత్రం ఈసారి అనలేదు.

నాలుగు రోజులకి తేరుకున్న దూడ, అమ్మ తోక పట్టుకుని లంక చేరింది. "ఎంత దూరం ఈదావే!" అని కొంగ మెచ్చుకుంటే, "ఈదింది అమ్మండీ. నేను తోక పట్టుకున్నానంతే," అంది.

ఎవరి తోక పట్టుకుని ఒడ్డెక్కామో, ఒడ్డెక్కగానే వాళ్ల పేరు చెప్పాలి.

దీన్ని మీ స్నేహితులకి చెప్పండి. గేదె అంటే తెలియకపోతే ముందు గేదె గురించి చెప్పండి. తోక పట్టుకుని నదిలో దిగమని మాత్రం ఎవరికీ చెప్పకండి.