కొట్టువాడి ప్రాసెసర్

దర్జీ సైదులు కూతురి చదువు కోసం తక్కువలో కంప్యూటర్ అసెంబుల్ చేయించాలని పరంధామయ్య కొట్టుకెళ్లాడు. పరంధామయ్య ఓ ప్రాసెసర్ పెట్టె ముందుకి తోశాడు.

"సరికొత్తది. అయిదేళ్లు గుర్రంలా పరిగెడుతుంది. నీకు తెలీదులే, నామీద వదిలెయ్."

సైదులు చూపు పెట్టె సీలు మీద ఆగింది. ఊడదీసి మళ్లీ కుట్టిన జేబులా, అది ఓ పక్కకి ఒరిగి ఉంది.

"అంత మంచిదైతే మీ బిల్లుల కంప్యూటర్లో వేసుకోండి. అందులో ఉన్న పాతది ఇదే ధరకి నాకివ్వండి."

పరంధామయ్య ఉలిక్కిపడ్డాడు. "భలేవాడివే, సాయంత్రానికల్లా నా కొట్టు మూతపడుతుంది."

"మీ కొట్టు మూయించేది మా ఇంట్లో అయిదేళ్లు ఎలా పరిగెడుతుందండీ?"

పరంధామయ్య బీరువా తెరిచి ఇంకో పెట్టె తీశాడు. సైదులు దాని సీలు కూడా వేలితో తడిమి చూశాకే డబ్బు తీశాడు.