రాతిని పట్టుకున్న అక్క

ఒకప్పుడు రాతిగుల్లలకి గుల్లే లేదు. రాళ్లకి అతుక్కుని ఉండేవీ కావు. నువ్వుగింజంత ఒళ్లు, ఈకల్లాంటి కాళ్లు. సముద్రమంతా తమదే అన్నట్టు ఈదుతూ తిరిగేవి.

వాటిలో నూకాలు అనే అక్క, పోలయ్య అనే తమ్ముడు ఉండేవాళ్లు.

ఒక ఏడు పెద్ద తుఫాను వచ్చింది. మొదటి కెరటమే వాళ్ల అమ్మానాన్నల్ని ఒడ్డున ఇసుకలో పడేసింది. నీళ్లందక అక్కడే వాళ్ల ప్రాణాలు పోయాయి. నూకాలు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఒడ్డు దగ్గర నీట మునిగి ఉన్న నల్లబండ దగ్గరికి ఈదింది.

"బండతాతా, మమ్మల్ని పట్టుకో" అంది.

"నాకు చేతులు లేవమ్మా" అంది బండ. "మీరే నన్ను పట్టుకోవాలి. మీ నెత్తిలో జిగురుంది. తల నాకు ఆనిస్తే ఏ కెరటమూ మిమ్మల్ని లాగలేదు. కానీ ఒకసారి అంటుకుంటే మళ్లీ ఊడిరారు. చచ్చేదాకా ఇక్కడే."

పోలయ్య బెదిరిపోయాడు. "ఈదకుండా ఎలా బతుకుతాం అక్కా?"

"ముందు బతకనీరా. నేను అంటుకుంటాను, చూసి నా పక్కనే నువ్వూ అంటుకో."

నూకాలు తల ఆనించింది. జిగురు పట్టేసింది. తల కిందికి, కాళ్లు పైకి. ఇక పక్కకి తిరిగి చూడ్డానికి కూడా లేదు.

పోలయ్య ఇంకా తటపటాయిస్తూనే ఉన్నాడు. ఇంతలో కొండంత కెరటం వచ్చి పడింది.

"అక్కా, అందుకో."

గొంతు వినబడుతోంది, తమ్ముడు కనబడడం లేదు. నూకాలు పైకున్న కాళ్లనే బారజాపింది. గుప్పిట పట్టినట్టు ముడిచింది. నీళ్లే దొరికాయి. మళ్లీ చాపింది. మళ్లీ నీళ్లే. పిలుపు దూరమై, దూరమై, ఆగిపోయింది.

తుఫాను వెలిసింది. నూకాలు కాళ్లు చాపడం మానలేదు. తమ్ముడు చిక్కలేదు కానీ నీళ్లలోని నలుసులు చిక్కాయి. ఏడుస్తూనే వాటిని తింది.

ఆటు వచ్చి నీళ్లు వెనక్కి పోయి బండ బయటపడేసరికి ఎండ చురుక్కుమంది. అమ్మానాన్నలు పోయిన తీరు కళ్లముందు మెదిలింది. నూకాలు ఒంటిచుట్టూ సున్నపు గోడ కట్టుకుని తలుపేసుకుంది. పోటుకి నీళ్లు తిరిగిరాగానే తలుపు తీసి కాళ్లు చాపింది.

"ఇంకా ఎందుకమ్మా?" అంది బండ.

"వాడు ఈ దారినే వస్తేనో?" అంది నూకాలు.

అప్పటినుంచే రాతిగుల్లలు పసితనంలో కొన్నాళ్లు ఈదినా, ఆ తర్వాత ఏ రాతికో పడవ అడుగుకో తల అంటించుకుని, చచ్చేదాకా కదలవు. నీళ్లు పోతే తలుపు మూసుకుంటాయి. నీళ్లొస్తే తీసి, కాళ్లు చాపుతాయి, ముడుస్తాయి, మళ్లీ చాపుతాయి.