బిక్షపతి సన్మాన పత్రం

ఉదయం అయిదూ నలభైకి ఎల్లయ్య ఉస్తాద్ కుస్తీ నేర్పే తన తాలీంలో మట్టి తిరగేసి, నువ్వుల నూనె చల్లుతున్నాడు. పెద్ద శిష్యుడు బిక్షపతి వచ్చి కాగితం చాపాడు. ఆ వారంలో అది మూడోసారి.

"సంతకం పెట్టు ఉస్తాద్. ఆదివారమే ఎంపిక పోటీలు."

అది కుస్తీ సంఘానికి రాసిన ఉత్తరం. తాలీంలో రెండేళ్లుగా సాధన చేస్తున్న జరీనా అసలు ఆడపిల్లేనా అని అనుమానంగా ఉందనీ, వైద్య పరీక్షలయ్యేదాకా ఆమెను పోటీకి రానివ్వొద్దనీ అందులో ఉంది. జరీనా వాళ్లు సిద్దీలు, నిజాం కాలంలో ఆఫ్రికా నుంచి వచ్చిన సిపాయిల సంతతి. ఆమె చేతిలో బిక్షపతి మేనకోడలు రెండుసార్లు ఓడింది. పరీక్షలకు నెల పడుతుంది.

"చదువు," అన్నాడు ఉస్తాద్ విసుగ్గా.

"నీకు ఎరికే కద!"

"చదువుమన్న."

బిక్షపతి చదివాడు: "భుజాలు బాగా వెడల్పు. గొంతు బొంగురు. ఎంతసేపు కుస్తీ పట్టినా అలుపు లేదు." చదవడం ఆపి అన్నాడు: "ఆళ్ల రక్తమే గంత ఉస్తాద్. మన పిల్లలు యాడ నిలుస్తరు?"

ఉస్తాద్ చేతులు దులుపుకున్నాడు. గోడ మీది పటం దించి, తువ్వాలతో అద్దం తుడిచి, బిక్షపతి చేతిలో పెట్టాడు. పన్నెండేళ్ల కిందట బస్తీవాళ్లు బిక్షపతికి ఇచ్చిన సన్మాన పత్రం.

"ఇది గూడ చదువు. గట్టిగ."

"ఇప్పుడిదెందుకు..."

"పొద్దెక్కుతుంది, చదువయ్యా!"

"విశాలమైన భుజములు గల ఓ మల్లయోధా! మేఘగర్జనను బోలు కంఠము... అలసట యెరుగని దేహము..."

బిక్షపతి ఆగిపోయాడు. మూలన దండీలు తీస్తున్న జరీనా నవ్వు ఆపుకోలేక బోర్లా పడింది.

"ఉస్తాద్, అన్నకు గూడ పరీక్షలు చేపిస్తరా?"

"నువ్వు దండీలు తియ్యి," అని కసిరాడు ఉస్తాద్. తర్వాత బిక్షపతి జేబులోంచి పెన్ను తీసుకున్నాడు.

"గప్పుడు నీకు శాలువ కప్పిండ్రు. ఇప్పుడు చెప్పు, ఈ రెండిట్ల దేని మీద పెట్టాలె సంతకం?"

బిక్షపతి ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం జరీనా ఫైనల్లో ఓడింది. గెలిచిన అమ్మాయి ఎర్రటి మనిషి, భుజాలు జరీనా కన్నా వెడల్పు.

నాలుగు రోజుల తర్వాత సంఘం ఆఫీసుకు వెళ్లిన బిక్షపతికి అక్కడి గుమాస్తా చెప్పాడు: జరీనా మీద సంతకాలు లేని ఫిర్యాదులు మూడు వచ్చాయి. గెలిచిన అమ్మాయి మీద ఒక్కటీ రాలేదు.