మునగాకులో మునగాకు

ఒకప్పుడు మునగచెట్టుకు అరిటాకులంత పెద్ద ఆకులుండేవి. నవ్వకే చిన్మయీ! ఫోనులో లెక్కలతో గీసిన బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి, లోపల మళ్ళీ అదే బొమ్మ ఉందని ఇందాకటి నుంచీ నోరెళ్ళబెట్టి చూస్తున్నావే, అది నమ్ముతావు గానీ నేను చెప్తే నమ్మవా? ఫ్రాక్టల్ అంటారట దాన్ని. సరే, ఆ ఫోను పక్కన పెట్టి ఈ మునగాకు దూస్తూ విను.

ఆ రోజుల్లో చెట్లన్నిటికీ ఆకులు ఇచ్చేది పేరిందేవమ్మ. నేల మీద ముగ్గుపిండితో ఆవిడ ఏ ఆకు గీస్తే చెట్టుకు ఆ ఆకే మొలిచేది. చింతచెట్టు బుద్ధిగా చిన్నాకులు చాలంది. మునగ మాత్రం పట్టుబట్టి మరీ పెద్దాకు గీయించుకుంది.

"నా ఆకు కింద గేదె నిలబడినా తడవదు, తెలుసా!" అని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పుకునేది.

పాపం, దాని కొమ్మలు చూస్తే ఉత్త పెళుసు. ఓ రోజు గాలి వచ్చి ఒక్కో ఆకునూ పట్టి లాగింది. కొమ్మలు ఫెళఫెళమని విరిగిపడ్డాయి. ఒకే ఒక్క కొమ్మ మిగిలింది.

"గాలీ, ఎంత పని చేశావే!" అని మునగ బావురుమంది.

"నేనేం చెయ్యను? దారికడ్డంగా అంతంత ఆకులు పరిచింది నువ్వు. రేపు మళ్ళీ ఇటే రావాలి నేను" అంది గాలి.

మునగకు గుండె జారిపోయింది. ఆ కొమ్మ కూడా పోతే ఇక బతుకే లేదు. "పేరిందేవమ్మా, కాపాడు తల్లీ!" అని కేక పెట్టింది.

ఆవిడ ముగ్గు గిన్నెతో వచ్చి కూర్చుంది. "చింతాకులంత ఆకులు వేస్తాను. హాయిగా బతుకుతావు."

"అమ్మో, అందరూ నవ్వరూ? నాకు పెద్దాకే కావాలి."

"ప్రాణం మీదికొచ్చినా నీ డాబు తగ్గలేదే!" అని పేరిందేవమ్మ నవ్వేసింది.

పెద్దాకే గీసింది, కానీ గాలికి దారి ఉండాలని మధ్య మధ్య సందులు వదిలింది. ఆకు కాస్తా ఈనెకు అటూ ఇటూ రెమ్మలుగా విడిపోయింది. ఉఫ్ అని ఊది చూసింది. రెమ్మలు ఇంకా గాలిని పట్టుకుంటున్నాయి. దాంతో ఒక్కో రెమ్మనూ ఆ పెద్దాకు లాగే, సందులు వదిలి, చిన్నగా గీసింది.

"మళ్ళీ అదేనా? నీకు వేరే ముగ్గు రాదా?" అంది మునగ.

"నోరు మూసుకో! నీ పెద్దాకు నీకుంటుంది, గాలి దారి గాలికుంటుంది."

ఇంకా చిన్నగా, ఇంకా చిన్నగా గీస్తూ పోయింది. చివరికి వేళ్ళ సందున పిండి అంతకన్నా సన్నగా జారనంది. "ఇక నా వల్ల కాదు తల్లీ" అని కొసల్లో గుండ్రటి చుక్కలు పెట్టేసి, నడుం పట్టుకుని లేచింది.

మర్నాడు గాలి రానే వచ్చింది. మునగ కళ్ళు గట్టిగా మూసుకుంది. గాలి సందుల్లోంచి సరసరా దూరి అవతలికి వెళ్ళిపోయింది. కొమ్మ ఊగింది గానీ విరగలేదు.

"ఉన్నాను! ఇంకా ఉన్నాను!" అని మునగ ఏడుస్తూనే నవ్వింది.

అప్పటినుంచే మునగాకులో చిన్న మునగాకు, అందులో ఇంకా చిన్న మునగాకు, కొసన గుండ్రటి చుక్కలు. నీ ఫోనులో బొమ్మకు అంతు లేదు గానీ దీనికి ఉందే పిల్లా! ఆ రోజు పేరిందేవమ్మ నడుం పట్టేయకపోయి ఉంటే, మనం ఈ ఆకు దూస్తూనే ఉండేవాళ్ళం, పప్పు ఎప్పటికీ పొయ్యెక్కేది కాదు.